960 నిర్ణయాలు, ఆరు సెషన్లు: ప్రయోగంలో తేడా కనిపించనప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న: నేను అర్థశాస్త్రంలో పిహెచ్‌డి మూడో ఏడాదిలో ఉన్నాను. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తోంది. పొదుపు సంఘాల సమావేశాల్లో ఎవరెంత కట్టారో అందరి ముందూ చదువుతారు. అలా తెలియడం వల్ల మనుషులు ఉమ్మడి నిధికి ఎక్కువ ఇస్తారా అన్నది నా పరిశోధన ప్రశ్న. కంప్యూటర్ ల్యాబ్‌లో ఓట్రీ సాఫ్ట్‌వేర్‌తో 96 మంది విద్యార్థులతో పబ్లిక్ గూడ్స్ గేమ్ (ఒక్కొక్కరూ తమ డబ్బులో కొంత ఉమ్మడి నిధిలో వేస్తే, అది పెరిగి గ్రూపులో అందరికీ సమానంగా పంచబడే ఆట) నిర్వహించాను. సెషన్‌కు 16 మంది చొప్పున ఆరు సెషన్లు, నలుగురేసి గ్రూపులు, పది రౌండ్లు. ప్రతి రౌండ్‌కూ గ్రూపులను యాదృచ్ఛికంగా మార్చాను. మూడు సెషన్లలో గ్రూపు మొత్తం మాత్రమే చూపించాను, మరో మూడింటిలో పేర్లు లేకుండా ఒక్కొక్కరు ఎంత వేశారో కూడా చూపించాను. రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక సెషన్‌లో ఒకే హాస్టల్ విద్యార్థులు ఎక్కువగా ఉన్నారు కనుక దాన్ని తీసేసి చూడమనీ, లేదా ఇంకో రెండు సెషన్లు కలిపి చూడమనీ మా గైడ్‌గారు అంటున్నారు. విభాగంలో మరో అధ్యాపకులు, విద్యార్థులతో ఆడించే ఆటలు అర్థశాస్త్రం కాదనీ, గ్రామాల్లో ఆర్‌సీటీ (లాటరీ పద్ధతిలో కొందరికి ఒక పథకం ఇచ్చి మిగిలినవారితో పోల్చే క్షేత్ర ప్రయోగం) చేయమనీ సలహా ఇచ్చారు. తర్వాతి ప్రయోగంలో ఖర్చు తగ్గించడానికి, 'మీ గ్రూపులో వేరే కళాశాల విద్యార్థులు ఉన్నారు' అని చెప్పి కంప్యూటర్‌తో ఆడిద్దామని ఆలోచిస్తున్నాను. పేపర్ రాకపోతే థీసిస్ ఏమవుతుందోనన్న భయం కూడా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక రీసెర్చ్ స్కాలర్, హైదరాబాద్

సమాధానం: మీ లేఖలో ఫలితం గురించిన దిగులు ఎక్కువగా ఉంది, కానీ నా దృష్టి మాత్రం మీరు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయిన వివరం దగ్గర ఆగిపోయింది. ప్రతి రౌండ్‌కూ గ్రూపులను మార్చానని రాశారు. మీకు తేడా ఎందుకు కనిపించలేదో, ఇప్పుడు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో చాలావరకు ఆ నిర్ణయం మీదే ఆధారపడి ఉంది కనుక ముందు దాని గురించే వివరంగా మాట్లాడతాను.

మీ దగ్గర 96 మంది పది రౌండ్లలో తీసుకున్న 960 నిర్ణయాలు ఉన్నాయి. వాటిని 960 వేర్వేరు పరిశీలనలుగా భావించి రిగ్రెషన్ చేసి ఉంటారని అనుకుంటున్నాను, ఎందుకంటే మొదటిసారి ప్రయోగం చేసేవారిలో చాలామంది అలాగే చేస్తారు. అయితే ఈ ఆటలో ఒకరి నిర్ణయం మరొకరి నిర్ణయాన్ని కదిలిస్తుంది. 2001లో ఫిష్‌బాకర్, గాక్టర్, ఫెర్ ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవారిలో సుమారు సగం మంది, ఇతరులు ఎక్కువ ఇస్తే తామూ ఎక్కువ ఇచ్చే రకమనీ, సుమారు 30 శాతం మంది ఇతరులు ఎంత ఇచ్చినా తాము ఏమీ ఇవ్వని రకమనీ తేలింది. మీ సెషన్‌లో రెండో రకం విద్యార్థి ఒకరు మొదటి రౌండ్‌లో ఏమీ వేయలేదనుకోండి. ఆ గ్రూపులోని మిగిలిన ముగ్గురిలో ఇద్దరు రెండో రౌండ్‌లో తమ వాటా తగ్గిస్తారు, అప్పటికే వారు వేరే గ్రూపుల్లో ఉంటారు కనుక అక్కడివారు కూడా మూడో రౌండ్‌కల్లా తగ్గిస్తారు. పది రౌండ్లు ముగిసేలోగా ఆ ఒక్కరి ప్రభావం గదిలోని పదహారు మందికీ చేరుతుంది. అందువల్ల, ఖచ్చితంగా లెక్క కట్టేవారు ఒక్కో సెషన్‌ను ఒక్కో పరిశీలనగానే తీసుకుంటారు. అంటే మీ దగ్గర ఉన్నవి ఆరు పరిశీలనలు, ఒక్కో ట్రీట్‌మెంట్‌కు (పోల్చే ఒక్కో పద్ధతికి) మూడు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క కాగితం మీద వేసి చూడండి. ఆరు సెషన్లను మూడు, మూడుగా విడదీసే మార్గాలు ఇరవై. మీ ఊహ నూటికి నూరుపాళ్లు నిజమై, వ్యక్తుల వాటాలు చూపించిన మూడు సెషన్లలో ప్రతిదాని సగటూ మిగతా మూడింటిలో ప్రతిదాని సగటు కంటే ఎక్కువగా వచ్చి ఉన్నా, రెండువైపుల ర్యాంక్ పరీక్షలో వచ్చే పి విలువ (అసలు ప్రభావమే లేకున్నా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) ఇరవైలో రెండు, అంటే 0.1. అంతకంటే తగ్గే అవకాశమే లేదు. కాబట్టి, పి విలువ అంతకంటే తక్కువ ఉండాలని వాడుకలో ఉన్న 0.05 అనే గీతను దాటలేదని మీరు బాధపడుతున్న ప్రయోగం, మొదటి విద్యార్థి కుర్చీలో కూర్చునే సమయానికే ఆ గీతను దాటలేని విధంగా రూపొందింది. 'వాటాలు చూపించడం వల్ల ప్రభావం లేదు' అని మీ ఫలితం చెప్పడం లేదు. ప్రభావం ఉన్నా లేకున్నా చెప్పగల శక్తి ఈ ప్రయోగానికి లేదన్నదే మీరు నిజాయితీగా రాయగల వాక్యం.

గైడ్‌గారి రెండు సూచనలనూ ఈ వెలుగులోనే చూడాలి. హాస్టల్ సెషన్‌ను తీసేస్తే మూడుకు రెండు మిగులుతాయి, పరిస్థితి మరింత దిగజారుతుంది. పైగా ఒకే హాస్టల్ విద్యార్థులు ఉంటే ఆ సెషన్ పనికిరాదన్న నియమాన్ని మీరు ఫలితం చూడకముందే రాసుకుని ఉంటే అది నియమం, ఫలితం చూశాక రాసుకుంటే అది ఎంపిక. ఆ హాస్టల్ సెషన్‌లోనే మీకు కావలసిన తేడా కనిపించి ఉంటే దాన్ని తీసేయమని ఎవరైనా అనేవారా అని ఒకసారి ఆలోచించండి. ఇక రెండు సెషన్లు కలిపితే నాలుగుకు నాలుగు అవుతాయి, డెబ్బై మార్గాల్లో రెండు కనుక కనిష్ఠ పి విలువ సుమారు 0.03కు దిగుతుంది, కాగితం మీద ఇది మెరుగే. కానీ ఆ రెండింటి తర్వాత కూడా తేడా రాకపోతే అక్కడితో ఆగుతారా, లేక మరో రెండు కలుపుతారా? వచ్చేదాకా కలుపుతూ పోతే 5 శాతం అని మనం చెప్పుకునే పొరపాటు అవకాశం 5 శాతంగా ఉండదు. 2011లో సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు కంప్యూటర్ అనుకరణతో దీన్ని లెక్కగట్టి చూపించారు. పరిశీలనలు చూస్తూ పెంచుకోవడం, కొన్ని ట్రీట్‌మెంట్లను వదిలేయడం, రెండు కొలతల్లో కలిసొచ్చినదాన్ని ఎంచుకోవడం, లింగభేదాన్ని ఇష్టం వచ్చినట్లు చేర్చి చూడడం అనే నాలుగు స్వేచ్ఛలను కలిపి వాడుకుంటే, అసలు ఏ ప్రభావమూ లేనిచోట కూడా 'ప్రభావం ఉంది' అని తేలే అవకాశం 60 శాతం దాటింది. వాటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే మోసంలా కనిపించదు, అందుకే మంచి పరిశోధకులు కూడా మంచి మనసుతోనే ఇందులో చిక్కుకుంటారు. మీ గైడ్‌గారి గురించి కూడా నేను అలాగే భావిస్తున్నాను.

సెషన్ల సంఖ్య ఒక సమస్య. దానికంటే లోతైన సమస్య మరొకటి అదే నిర్ణయంలో ఉంది. మీ ప్రశ్న పొదుపు సంఘం నుంచి పుట్టింది. సంఘంలో ఆ పది పన్నెండు మంది మహిళలే నెల నెలా, ఏళ్ల తరబడి, ఒకే చోట కూర్చుంటారు. ఈ నెల ఎవరు కట్టలేదో తెలియడానికి విలువ ఉందంటే, వచ్చే నెలా అదే మనిషి ముఖం చూడాలి కనుకే ఉంది. మీ ల్యాబ్‌లో మాత్రం ఎవరు తక్కువ వేశారో చూపించిన మరుక్షణం వారిని వేరే గ్రూపులోకి పంపేశారు. ఆ సమాచారంతో చేయగలిగింది ఏమీ లేని చోట ఆ సమాచారాన్ని ఇచ్చి, దాని ప్రభావం కోసం వెతికారు. గ్రూపులను రౌండ్ రౌండ్‌కూ మార్చడం తప్పుడు పద్ధతేమీ కాదు. మళ్లీ కలుస్తామన్న లెక్కతో చేసే సహకారాన్ని పక్కనపెట్టి చూడాలనుకున్నప్పుడు అదే సరైన పద్ధతి, అర్థశాస్త్రవేత్త ఆండ్రియోని 1988లో ఒకే గ్రూపువారినీ మారే గ్రూపులవారినీ పోల్చినప్పటి నుంచి అది ఈ రంగంలో అలవాటుగా వస్తోంది. మీ ప్రశ్నకు మాత్రం అది నప్పదు.

గ్రూపులను పది రౌండ్లూ స్థిరంగా ఉంచి ఉంటే అవే 96 మందితో 24 గ్రూపులు వచ్చేవి, ఒక గ్రూపు ప్రభావం మరో గ్రూపుకు చేరదు కనుక 24 స్వతంత్ర పరిశీలనలు ఉండేవి, పైగా ప్రయోగం పొదుపు సంఘానికి దగ్గరగా ఉండేది. అయినా దీనితోనే అంతా సరిపోతుందని మీకు ఆశ పెట్టలేను. పన్నెండుకు పన్నెండు గ్రూపులతో 80 శాతం అవకాశంతో పట్టుకోగలిగింది సుమారు 1.2 ప్రామాణిక విచలనాల (గ్రూపుల మధ్య సహజంగా ఉండే హెచ్చుతగ్గుల కొలత) తేడాను మాత్రమే, అది చాలా పెద్ద తేడా. 0.8 విచలనాల తేడాను పట్టాలంటే ఒక్కో వైపు 26 గ్రూపులు, మొత్తం 208 మంది కావాలి. మనిషికి సగటున 200 రూపాయలు ఇచ్చినా 41,600 రూపాయలు అవుతుంది. సామాజిక శాస్త్రాల జేఆర్‌ఎఫ్‌లో కంటింజెన్సీ (పరిశోధన ఖర్చులకు ఇచ్చే మొత్తం) మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000, ఆ తర్వాత 20,500 కనుక, ఇది దాదాపు మీ రెండేళ్ల కంటింజెన్సీ మొత్తం. నలుగురికి బదులు ముగ్గురేసి గ్రూపులు పెట్టుకుంటే అవే గ్రూపులు 156 మందితో వస్తాయి. ఒక్కరి వాటా మిగిలినవారికి తెచ్చే లాభాన్ని అప్పుడు సరిచేసుకోవాలి, అది మీరు చేయగలిగిన పనే. ఇటువంటి బేరసారాలన్నీ ప్రయోగానికి ముందు కాగితం మీద జరగాలి.

పాత డేటాను పారేయనక్కరలేదు. అందులో ఒక భాగానికి నిజమైన విలువ ఉంది. మొదటి రౌండ్‌లో ఎవరూ ఇంకా ఎవరి నిర్ణయాన్నీ చూడలేదు, కాబట్టి ఆ 96 నిర్ణయాలూ నిజంగానే ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. తమ వాటా ఇతరులకు కనబడబోతోందన్న సంగతి ఒక వైపు 48 మందికి సూచనల పత్రంలోనే తెలుసు, రెండో వైపు 48 మందికి అటువంటి సంగతి లేదు. కనబడుతుందన్న ఎదురుచూపే మనిషిని మారుస్తుందా అన్న చిన్న ప్రశ్నకు ఆ ఒక్క రౌండ్ సరైన జవాబు ఇవ్వగలదు. అది మీరు ముందుగా అనుకున్న పరీక్ష కాదని స్పష్టంగా రాసి, దాన్ని వేసి చూడండి. మిగిలిన తొమ్మిది రౌండ్లను సెషన్ సగటులుగా, ఆరు గీతలుగా గ్రాఫ్‌లో చూపించండి. వాటా ఆరంభంలో ఎక్కువగా ఉండి చివరికి తగ్గిపోవడం ఈ ఆటలో దశాబ్దాలుగా కనిపిస్తున్న తీరు కనుక, మీ విద్యార్థుల్లోనూ అదే కనిపిస్తే సూచనలు వారికి అర్థమయ్యాయనడానికి అది ఒక ఆధారం. ఆపైన ఈ మొత్తాన్ని పైలట్ (అసలు ప్రయోగానికి ముందు చేసే సన్నాహక ప్రయోగం) అని పిలిచి, కొత్త డేటాతో కలపకుండా థీసిస్‌లో ఒక చిన్న అధ్యాయంగా ఉంచండి.

తేడా కనిపించని ఫలితానికి విలువ లేదన్న భయం గురించి మన నేల మీద జరిగిన ఒక ప్రయోగాన్ని గుర్తుచేస్తాను, మీ రెండో అధ్యాపకులకు జవాబు కూడా ఇందులోనే ఉంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అధ్యయనం చేస్తున్న గ్రామాల్లో, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోనూ మహారాష్ట్రలోనూ, అర్థశాస్త్రవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ 240 కుటుంబాలతో నాణెం ఎగరేసే ఆటలు ఆడించి, రైతులు నష్టభయాన్ని ఎంత వరకు భరిస్తారో కొలిచి 1980లో ప్రచురించాడు. డబ్బు నిజమైనది, పెద్ద ఆటలో గెలిచే మొత్తం ఒక కూలీ నెల సంపాదనను మించేది. అదే విషయాన్ని ఆయన ఇంటర్వ్యూ ప్రశ్నలతోనూ అడిగి చూశాడు, ఆ జవాబులకూ నిజమైన డబ్బుతో ఆడిన ఆటల ఫలితాలకూ పొంతనే కుదరలేదు. ఇక డబ్బున్న రైతు ఎక్కువ సాహసిస్తాడు, పేద రైతు భయపడతాడు అన్న అందరి ఊహకూ ఆ ఆటల్లో గట్టి మద్దతు దొరకలేదు. సంపద పెరిగితే భయం కొద్దిగా తగ్గుతున్నట్టు కనిపించినా ఆ ప్రభావం గణాంకపరంగా నిలవలేదు, మొత్తం పెద్దదైనప్పుడు దాదాపు అందరూ ఓ మోస్తరుగా వెనకాడేవారే. అభివృద్ధి అర్థశాస్త్రంలో ఈనాటికీ ఉదహరించే ఆ పత్రంలో జనం గుర్తుంచుకున్న విషయాల్లో ఈ తేడా కనిపించకపోవడం కూడా ఒకటి. ఆ ఫలితాన్ని జనం నమ్మడానికి కారణం, తేడా ఉంటే కనబడేంత పెద్ద మొత్తాలతో, అంతమందితో ఆ ప్రయోగం జరగడం. శూన్య ఫలితానికి గౌరవం అక్కడి నుంచి వస్తుంది.

ఆటలు అర్థశాస్త్రం కావన్న మాట కొత్తది కాదు. హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ చేంబర్లిన్ తరగతి గదిలో నడిపిన మార్కెట్ ఆటలో విద్యార్థిగా పాల్గొన్న వెర్నన్ స్మిత్, తర్వాత పర్డ్యూలో దాని నియమాలు మార్చి తన విద్యార్థులతో ఆడించి, ఆ ఫలితాలను 1962లో ప్రచురించి, 2002లో నోబెల్ అందుకున్నాడు. ఆర్‌సీటీ గొప్ప పద్ధతే, అందులో సందేహం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 300 ప్రభుత్వ పాఠశాలలతో ఉపాధ్యాయుల ప్రోత్సాహక బోనస్‌పై కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసి 2011లో ప్రచురించిన అధ్యయనం దానికి మన ఎదుట ఉన్న ఉదాహరణ. అయితే దాని వెనుక రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, ఒక పెద్ద ఫౌండేషన్, కొన్నేళ్ల కాలం ఉన్నాయి. మూడో ఏడాది స్కాలర్‌గా ఒంటరిగా దాన్ని తలకెత్తుకోమని నేను చెప్పను. మీరు కోరుకుంటే మధ్యలో మరో దారి ఉంది. ఇదే ఆటను, సరిదిద్దిన రూపంలో, కాగితాలతోనూ కవర్లతోనూ, పొదుపు సంఘాల సభ్యులతోనే ఆడించవచ్చు. విద్యార్థులతో ఒకసారి, సంఘాల్లో ఒకసారి చేస్తే రెండు అధ్యాయాలు అవుతాయి, మీ ప్రశ్న పుట్టిన చోటికే అది తిరిగి చేరుతుంది. అక్కడ మాత్రం అసలు అప్పుకో, బ్యాంకు లింకేజీకో ఈ ఆటకు సంబంధం లేదని వారికి ముందే విడమరచి చెప్పాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి విధిగా తీసుకోవాలి.

వేరే కళాశాల విద్యార్థులు ఉన్నారని చెప్పి కంప్యూటర్‌తో ఆడించాలన్న ఆలోచనను మాత్రం పూర్తిగా వదిలేయండి. మనస్తత్వశాస్త్రంలో ప్రయోగం తర్వాత నిజం చెప్పే షరతు మీద అటువంటివి అనుమతిస్తారు. ప్రయోగాత్మక అర్థశాస్త్రంలో పాల్గొనేవారికి అబద్ధం చెప్పకూడదన్నది గట్టి కట్టుబాటు, దాన్ని దాటిన పత్రాలను ఈ రంగపు ప్రధాన పత్రికలు సాధారణంగా తీసుకోవు. మన ప్రయోగాలన్నీ 'మీరు ఈ నిర్ణయం తీసుకుంటే ఇంత డబ్బు వస్తుంది' అన్న మాటను ఎదుటివారు నమ్మడం మీదే నిలబడి ఉన్నాయి. మీ క్యాంపస్‌లో ఒక్కసారి 'అక్కడ ఎదుట మనుషులు ఉండరట' అన్న మాట హాస్టల్‌లో పాకితే, మీ తర్వాత అదే ల్యాబ్‌లో ప్రయోగం చేసే జూనియర్ స్కాలర్ ఆ అపనమ్మకాన్ని మోయవలసి వస్తుంది. కంప్యూటర్‌తో ఆడించాలంటే కంప్యూటర్ అనే చెప్పి ఆడించండి, దానికీ పరిశోధన ప్రశ్నలు ఉన్నాయి.

డబ్బు చెల్లింపు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలనిపిస్తోంది. నిర్ణయాలు ఎవరికీ తెలియవని మాట ఇచ్చి, చివర్లో మీ ఫోన్ నుంచి యూపీఐతో పంపిస్తే, ఎవరికి ఎంత వచ్చిందో పేరుతో సహా మీ ఫోన్‌లో నిలిచిపోతుంది. అకౌంట్స్ సెక్షన్ సంతకాలతో రసీదులు అడగక మానదు. సీటు నంబరు మీద కవర్లు సిద్ధం చేసి, డేటాతో సంబంధం లేని మరొకరి చేత కవర్లు ఇప్పించి, రసీదులు వారి దగ్గరే ఉండేలా చూస్తే రెండు అవసరాలూ తీరతాయి.

పేపర్ లేకపోతే థీసిస్ ఆగిపోతుందేమోనన్న భయానికి కొంత ఉపశమనం ఉంది. థీసిస్ సమర్పణకు ముందు పత్రం ప్రచురించి ఉండాలన్న తప్పనిసరి షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తొలగించింది. విశ్వవిద్యాలయాలు సొంత నియమాలు పెట్టుకోవచ్చు కనుక మీ విశ్వవిద్యాలయ పిహెచ్‌డి నియమావళిని (ఆర్డినెన్స్‌ను) ఒకసారి చదివి చూసుకోండి. ప్రచురణ విషయానికి వస్తే, జర్నల్ ఆఫ్ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ 2018 నుంచి ఫలితాలు రాకముందే ప్రయోగ ప్రణాళికను చూసి అంగీకరించే పద్ధతిని మొదలుపెట్టింది. పొదుపు సంఘాలతో చేసే ప్రయోగాన్ని అక్కడికి పంపే ప్రయత్నం చేయవచ్చు, ప్రణాళికకు అంగీకారం దొరికితే తేడా వచ్చినా రాకపోయినా మీ పత్రం నిలుస్తుంది. ఈ మార్పు ఊరికే రాలేదు. 2011 నుంచి 2014 వరకు రెండు అగ్రశ్రేణి పత్రికల్లో వచ్చిన 18 ల్యాబ్ ప్రయోగాలను అర్థశాస్త్రవేత్త కామెరర్ బృందం మళ్లీ చేసి చూస్తే 11 మాత్రమే నిలిచాయనీ, ప్రభావాల పరిమాణం సగటున మొదట చెప్పినదాంట్లో సుమారు 66 శాతమేననీ 2016లో తేలింది. మిగతా కొన్ని రంగాలతో పోలిస్తే అది మెరుగైన ఫలితమే, అయినా పెద్ద ప్రభావాలను చూసి మురిసిపోయే అలవాటును అది చాలామందిలో తగ్గించింది.

ఇక గైడ్‌గారితో మాట్లాడడం. 'మీ సలహా తప్పు' అన్న మాటతో వెళ్లకండి, ఆ అవసరం కూడా లేదు. ఒకే ఒక్క పేజీ తీసుకెళ్లండి. పైన ఆరు సెషన్ల సగటులు, దాని కింద మూడుకు మూడైతే కనిష్ఠ పి విలువ 0.1 అన్న లెక్క, దాని కింద గ్రూపులు స్థిరంగా ఉంచితే ఎంతమందితో ఎన్ని స్వతంత్ర పరిశీలనలు వస్తాయో, ఎంత ఖర్చవుతుందో రాసి, 'సార్, పాతదాన్ని పైలట్‌గా ఉంచి ఇలా చేద్దామా?' అని అడగండి. మేడమ్ అయితే మేడమ్ అనండి. లెక్క ఎదుట ఉన్నప్పుడు సంభాషణ మీ ఇద్దరి మధ్య కాకుండా ఆ కాగితం గురించి నడుస్తుంది. వారు ఒప్పుకున్నాక, ఎన్ని గ్రూపులు, ఏ కొలత, ఏ పరీక్ష, ఏ కారణం ఉంటే ఒక గ్రూపును విశ్లేషణ నుంచి తీసేస్తారో రాసి, ఇద్దరి పేర్లతోనూ ప్రయోగ ప్రణాళికలను ముందుగా నమోదు చేసే అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ రిజిస్ట్రీలోనో ఓఎస్‌ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) వెబ్‌సైట్‌లోనో నమోదు చేయండి. ఒకే హాస్టల్‌వారు ఒకే గ్రూపులో పడకుండా సీట్లు ఎలా కేటాయిస్తారో కూడా అందులోనే రాయండి. ఆ నమోదు తేదీ మీ మొదటి కొత్త సెషన్ తేదీ కంటే ముందు ఉండాలి.